సహాయము గోరువారు చెప్పవలసిన సంగతులు

రోగము దాచిన రోగికి వైద్యుడేమి చేయగలడు? వైద్యుడైనను నాడి పట్టి చూడగలడు, నాలుక చూడగలడు. ఎక్కడనో దూరమున గూర్చుండి మన కంప్యూటరులోని దోషమును గనిపెట్టవలసిన సాంకేతిక సహాయకునకు ఆపాటి వీలును లేదు. మనము వ్రాసి పంపిన మాటలే యతనికి నాడి.

పెద్ద సంస్థలు జీతముల లెక్కలు, సరకుల పట్టీలు మున్నగువానిని నడుపుకొనుటకై సాఫ్టువేరు కంపెనీలయొద్ద ప్రోగ్రాములు కొని, వారి సహాయమునకై ఏటేట సొమ్ము చెల్లించుచుండును. సొమ్ము చెల్లించుట యొక యెత్తు. ఆ సహాయమును ఫలవంతముగ బొందుట మరియొక యెత్తు. మన విద్యార్థులలో పెక్కుమంది రేపు ఆఫీసులలో నీ పని చేయవలసినవారే గనుక, ఈ విషయమును గూర్చి మా యనుభవమును కొంత చెప్పుదుము.

కొంతకాలము క్రిందట మేమొక సంస్థలో జీతముల లెక్కలు చూచుచుంటిమి. నెలాఖరున నొక సాయంకాలము జీతముల ప్రోగ్రాము నడుమ నాగిపోయెను. ఉపాధ్యాయులే గాక, వంటవారు, తోటమాలులు, ఊడ్చువారు ఆ జీతములకై యెదురుచూచుచుండిరి. మేము తత్తరపడి, “ప్రోగ్రాము పని చేయుట లేదు; వెంటనే బాగుచేయుడు” అని కంపెనీవారికి వ్రాసితిమి. మరునాడు ప్రత్యుత్తరము వచ్చెను గాని, దానినిండ ప్రశ్నలే యుండెను. మీది యే వెర్షను? పని యే మెట్టున నాగెను? స్క్రీనుపై నేమి కనబడెను? ఆగుటకు ముందు ఏమైన మార్పు చేసితిరా?

తక్కిన ప్రశ్నలకు జవాబులు వ్రాసి, కడపటిదానికి “ఏ మార్పును లేదు” అంటిమి. అది నిజము గాదు. ఆ ముందునాడు కొత్త భత్యమును చేర్చుటకై మేమే పట్టికలో నొక వరుసను మార్చియుంటిమి. తప్పు మా మీదికి వచ్చునను భయముచే దానిని దాచితిమి. మూడు దినములు సహాయకుడు దోషము లేనిచోట వెదకెను. ఒకటవ తేది గడిచిపోయెను. వంటామె యొకతె వచ్చి, దుకాణదారు ఇక అరువీయనన్నాడని చెప్పినప్పుడు మేము తల యెత్తలేకపోతిమి. అప్పుడు ఉన్నది యున్నట్లు వ్రాసితిమి. గంటలోపల దోషము దొరికెను. సహాయకుడు మమ్ము నిందింపలేదు. “ఇది ముందే తెలిసిన బాగుండెడిది” అని మాత్రము వ్రాసెను.

నాటినుండి మేము నేర్చుకొన్న పాఠములివి.

మొదటిది: చూచినదానిని వ్రాయవలెను, ఊహించినదానిని చూచినట్లు వ్రాయరాదు. మీ రసాయనశాస్త్రపు పుస్తకములలో పరిశీలనకు ఒక వరుసయు, అనుమితికి వేరొక వరుసయు గలవు గదా. ఇచ్చటను అట్లే. ఒరాకిల్ కంపెనీవారి డేటాబేసులో ఓ.ఆర్.ఏ.-00942 అను దోషసంఖ్య గలదు. అడిగిన పట్టిక లేదని దాని భావము. కాని పట్టిక చెక్కుచెదరక యున్నను, దానిని చూచుటకు మనకు అనుమతి లేనప్పుడు సయితము ఆ సంఖ్యయే కనబడును. “మా పట్టిక పోయినది” అని వ్రాసినవాడు సహాయకుని తప్పుదారి పట్టించును; సంఖ్యను, వాక్యమును అక్షరము మార్పక వ్రాసినవాడు దారి చూపును.

రెండవది: వేళను, చోటును, ఆనవాలును విడువరాదు. 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ‘మార్కు 2’ అను గణనయంత్రములో నొక చిమ్మట చిక్కుకొనియుండెను. పనివారు దినచర్య పుస్తకములో 15 గంటల 45 నిమిషములని వేళను, ‘ఎఫ్’ పలకలోని 70వ రిలే యని చోటును వ్రాసి, ఆ చిమ్మటనే పుటపై నంటించిరి. మనమును స్క్రీను చిత్రమును, దోషము పుట్టిన వేళకు సంబంధించిన లాగు ఫైలును అట్లే జతపరుపవలెను. ఏ మెట్టు తరువాత నే మెట్టు వేసిన దోషము మరల కనబడునో వరుసగా వ్రాయవలెను. అయితే రహస్యపదములను ఎన్నడును పంపరాదు. ఇతరుల పేర్లను, బ్యాంకు ఖాతాల సంఖ్యలను మరుగుపరచి పంపవలెను.

మూడవది: తీవ్రతను గూర్చి బొంకరాదు. ఒరాకిల్ కంపెనీవారు ఫిర్యాదులను 4 తరగతులుగ విభజించిరి. నిత్యవ్యవహారము పూర్తిగ నిలిచిపోయినప్పుడు, లేక సాగించుటకు వీలులేనంతగ చెడినప్పుడు మొదటి తరగతి. దానికై వారు రాత్రింబవళ్లు పనిచేయుదురు. మన పక్షమునను ఒకరు రాత్రింబవళ్లు వారికి అందుబాటున నుండవలెను. చిన్నపనికి మొదటి తరగతి వేయువాడు, “పులి, పులి” యని యూరక కేకవేసిన బాలునివంటివాడు. పని నిజముగ నిలిచినప్పుడు మాత్రము మొగమాటపడక, ఎందరికి ఏ నష్టము కలుగుచున్నదో స్పష్టముగ వ్రాయవలెను. “అర్జంటు” అను మాటకంటె “ఇంతమందికి రేపు జీతములు ముట్టవు” అను వాక్యము బలమైనది.

నాలుగవది: ఒక ఫిర్యాదులో ఒక సంగతియే యుండవలెను. రెండు దోషములు రెండు ఫిర్యాదులుగ వ్రాయవలెను. సహాయకుడు చెప్పిన పని చేసిన పిమ్మట ఫలితమును తెలుపవలెను. దోషము పోయిన తరువాత, ఏమి చేయగా పోయినదో మన పుస్తకమున వ్రాసి యుంచవలెను. మన తరువాత ఆ కుర్చీలో గూర్చుండువానికి అది యుపయోగపడును.

ఇన్నిటిలోను కష్టమైనది వెర్షను సంఖ్య గాదు, లాగు ఫైలును గాదు. “ఈ మార్పు నేనే చేసితిని” అను నాలుగు మాటలే కష్టమైనవి. మేము ఆ నాలుగు మాటలను మూడు దినములు దాచితిమి. ఆ మూడు దినముల వెలను వంటామె చెల్లించెను. మీరు మాకంటె త్వరగా వానిని వ్రాయగలవారు కావలెనని మా కోరిక.