సాహసయాత్ర – సన్నాహం

సాహసం అనే పదానికి మన వాఙ్మయంలో రెండు విధాల ప్రయోగం ఉన్నది. వీరకార్యం అనేది ఒక అర్థం. ముందువెనుకలు చూడని దుడుకుతనం అనేది మరొక అర్థం. ప్రాచీన ధర్మశాస్త్రాలలో సాహసమనే పేరుతో ఒక నేరవిభాగమే ఉన్నది. ఒకే పదం ఇటు ప్రశంసకు, అటు శిక్షకు పాత్రమైనదంటే, ఈ రెండింటినీ వేరుచేసే గీత ఏదో మనం తెలుసుకొనవలసి ఉన్నది. ఆ గీత పేరు సన్నాహం అని మా అభిప్రాయం. దానిని నిరూపించుటకై ఒక ఆస్ట్రేలియా యాత్రను, ఒక తెలుగువాని యాత్రను పరిశీలించి, వాటి నుండి మన ప్రాంతానికి అన్వయించే సూత్రాలను ఈ వ్యాసంలో వివరిస్తాము.

మన ముంగిటి అరణ్యం

నిర్జన ప్రదేశాలను చూడాలంటే హిమాలయాలకో, దూరదేశాలకో పోవాలని మన విద్యార్థులలో ఒక భావన ఉన్నది. జమ్మలమడుగుకు పడమరగా సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని ప్రవహిస్తున్నది. ఆ గండి వలననే గండికోటకు ఆ పేరు వచ్చినది. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, అప్పటికి ఆ దుర్గాన్ని వశపరచుకొనియున్న మీర్ జుమ్లాను కలిసికొనుటకు ఇక్కడికి వచ్చాడు. కొండను తొలిచిన ఇరుకు బాటను, దాని ప్రక్కనున్న అగాధాన్ని, అడుగున పారే నదిని అతడు తన గ్రంథంలో వర్ణించాడు. ప్రొద్దుటూరుకు తూర్పుగా పోతే బద్వేలు, సిద్ధవటం ప్రాంతాల నడుమ లంకమల కొండలు, వాటి పాదాల వద్ద ముళ్లపొదల అడవులు ఉన్నాయి.

విద్యార్థులు గండికోటకు తరచుగా వెళ్తూనే ఉంటారు. అయితే ఉదయం బస్సులో పోయి సాయంత్రానికి తిరిగివచ్చే విహారం వేరు; భుజాన సంచి వేసుకొని రెండుమూడు రోజులు కాలినడకన తిరిగే యాత్ర వేరు. మొదటిదానిలో జరిగిన లోపం వలన ఒక పూట ఆకలి కలుగుతుంది. రెండవదానిలో అదే లోపం ప్రాణానికి రావచ్చును.

ఇరవై టన్నుల సామగ్రి

ఆస్ట్రేలియా ఖండంలో లోభాగమంతా దాదాపు ఎడారియే. దానిని దక్షిణం నుండి ఉత్తరానికి దాటవలెనని 1860 ఆగస్టు 20న మెల్బోర్న్ నగరం నుండి ఒక మహాబృందం బయలుదేరినది. నాయకుడు రాబర్ట్ బర్క్ పోలీసు అధికారి. అడవులలో, ఎడారులలో తిరిగిన అనుభవం లేనివాడు. పంతొమ్మిదిమంది మనుషులు, ఇరవైకి పైగా ఒంటెలు, గుర్రాలు, బండ్లు, సుమారు 20 టన్నుల సామగ్రి వెంట ఉన్నాయి. ఆ సామగ్రిలో భోజనపు బల్ల, కుర్చీలు కూడ ఉన్నవంటే సన్నాహానికి, ఆడంబరానికి గల భేదం మనకు బోధపడగలదు.

ఒంటెలను మన దేశం నుండి కొనిపోయారు. వాటిని నడుపుటకు ఇక్కడి మనుషులనే తీసికొనిపోయారు. వారిలో దోస్త్ మొహమ్మద్ మొదలగు ముస్లిములతో బాటు సమ్లా అనే హిందువు కూడ ఉన్నాడు. బృందానికి పెట్టే ఆహారంలో ముఖ్యమైనది గోమాంసం. సమ్లా దానిని ముట్టలేక, కొన్ని దినాలు రొట్టెతో, నీటితో గడిపి, తనను పంపివేయమని కోరి వెళ్లిపోయాడు. ఇరవై టన్నులు సమకూర్చినవారికి ఒక మనిషి ఏమి తినునో అడుగుట తోచలేదు.

బర్క్ దారిలో బృందాన్ని పలుమార్లు విభజించాడు. కూపర్ క్రీక్ అనే ఏటి వద్ద కొందరిని కాపుంచి, డిసెంబరు 16న మరి ముగ్గురితో, మూడు నెలల ఆహారంతో ఉత్తరానికి సాగాడు. 1861 ఫిబ్రవరిలో సముద్రతీరపు మడఅడవుల దాకా పోగలిగారు. తిరుగుదారిలో ఒకడు మరణించాడు. మిగిలిన ముగ్గురు ఏప్రిల్ 21 సాయంకాలం మకాం చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. నాలుగు నెలలకు పైగా నిరీక్షించినవారు ఆనాటి ఉదయమే తరలిపోయారు. త్రవ్వి చూడమని ఒక చెట్టు బెరడుపై చెక్కిన గుర్తు మాత్రమే మిగిలి ఉన్నది. దాని క్రింద కొంత ఆహారం దొరికినది.

అసలు పాఠం దీని తరువాత ఉన్నది. బర్క్ తాము వచ్చిన వార్తను, పోబోయే దిక్కును వ్రాసి అదే గోతిలో పూడ్చాడు. కాని చెట్టుమీది గుర్తును మార్చలేదు. తరలిపోయినవారు మనసు ఒప్పక మే 8న తిరిగివచ్చి చూశారు. పాత గుర్తే కనబడినందున ఎవరూ రాలేదని తలచి వెళ్లిపోయారు. ఒక్క కొత్త గీత ఉన్నట్లయితే రెండు ప్రాణాలు నిలిచే అవకాశం ఉండేది.

ఆ ఏటి ఒడ్డున యాండ్రువాంధ అనే ఆదివాసులు తరతరాలుగా జీవిస్తున్నారు. వారు చేపలు, నార్డూ అనే నీటిమొక్క గింజల పిండి ఇచ్చి ఆదరించారు. బర్క్ ఒక సందర్భంలో వారిపై తుపాకి పేల్చి బెదిరించాడు. ఆ గింజలను ఎట్లు సంస్కరించి తినవలెనో పూర్తిగా నేర్చుకొనకయే యాత్రికులు వాటిపై ఆధారపడ్డారు. సరిగా సంస్కరించని ఆ పిండి శరీరంలోని బి-1 విటమినును నశింపజేస్తుందని, వారు క్షీణించుటకు అదియొక కారణమని పెక్కుమంది భావిస్తున్నారు. బర్క్, అతని సహచరుడు విల్స్ మరణించారు. ఆదివాసులను ఆశ్రయించిన కింగ్ ఒక్కడే జీవించి, సెప్టెంబరులో అన్వేషకుల కంటబడ్డాడు.

అడుగుతూ సాగిన తెలుగు యాత్రికుడు

దీనికి మూడు దశాబ్దాల ముందే ఒక తెలుగువాడు ఇంతకంటె దీర్ఘమైన యాత్రను క్షేమంగా ముగించాడు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట సుమారు నూరుమంది పరివారం. ఆయన మన కడప మీదుగానే సాగి, పెన్నను దాటి, అహోబిలం దర్శించి, నల్లమల అరణ్యంలో శ్రీశైలానికి పోయాడు.

ఆయన దినచర్య 'కాశీయాత్ర చరిత్ర' అనే పేరుతో 1838లో అచ్చయినది. దానిని భక్తిగ్రంథంగాను, ఆనాటి సాంఘిక చరిత్రగాను చదువుతున్నాము. యాత్రా సన్నాహానికి పాఠ్యపుస్తకంగా కూడ చదువవచ్చునని మా సూచన. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, బాట ఇసుకయా, రాయా, నీటి వసతి ఎట్టిది, అంగళ్లలో ఏ పదార్థాలు లభిస్తాయి, దిగుటకు చోటున్నదా అనే విషయాలు అందులో అడుగడుగునా కనిపిస్తాయి. ఇవన్నీ అడిగి తెలిసికొన్నవి, చూసి నిర్ధారించుకొన్నవి. పైగా ఆ దినచర్యను ఎప్పటికప్పుడు చెన్నపట్టణంలోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతూ వచ్చాడు. అనగా యాత్రికుడు ఎక్కడ ఉన్నాడో ఎరిగిన మనిషి ఒకడు వెనుక ఎల్లప్పుడు ఉన్నాడు. బర్క్ యాత్రలో లోపించినవి సరిగా ఈ రెండే.

నీటి లెక్క

ఇక మన యాత్రకు వద్దాము. పన్నెండుగురు విద్యార్థులు మూడు దినాలు గండికోట పరిసరాలలో నడవదలచారని అనుకొందాము. మొదట వేయవలసినది ఖర్చు లెక్క కాదు, నీటి లెక్క.

జనవరిలో నడిచే మనిషికి గంటకు అర లీటరు చొప్పున ఆరు గంటలకు మూడు లీటర్లు. మిగిలిన వేళలకు రెండు లీటర్లు. వంటకు ఒక లీటరు. వెరసి ఆరు లీటర్లు. పన్నెండుగురికి దినానికి 72 లీటర్లు. అదే మే నెలలో, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు, నడకకు గంటకు లీటరైనా చాలదు. మొత్తం మనిషికి పది లీటర్లు వేసికొంటే బృందానికి దినానికి 120 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో బరువు. నడుమ నీరు దొరకని రెండు దినాల నడకకు ఒక్కొక్కరు నీటినే ఇరవై కిలోలు మోయవలె. ఆ బరువుతో ఎండలో కొండ ఎక్కినవానికి దాహం ఇంకను హెచ్చుతుంది. కనుక వేసవిలో ఈ యాత్ర తగదని చెప్పుటకు పెద్దల మందలింపు అక్కరలేదు, గుణకారమే చెబుతున్నది.

గండికోట నిర్మాతలు ఈ లెక్క తెలిసినవారు. క్రింద లోయలో నది ఉన్నదని ఊరుకొనక, పైన కోటలో చెరువును, కోనేటిని ఏర్పరచుకొన్నారు. ధాన్యానికి విశాలమైన గాదెను కట్టుకొన్నారు. కంటికి కనబడే నీరు చేతికి అందే నీరు కాదని వారి కట్టడాలు మనకు తెలుపుతున్నాయి. ఈనాడు ఆ గండికి ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. ఎగువ నుండి విడిచే నీటినిబట్టి లోయలో మట్టం మారుతుంది. నిటారైన బండల నడుమ ఒడ్డు ఎక్కుటకు పట్టు దొరకదు. కావున ఈత ఎంత వచ్చినవారైనను అక్కడ దిగరాదు.

కాలం, మకాం, ఆహారం

నవంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు మన ప్రాంతంలో నడకకు అనుకూలమైన కాలం. అయితే నవంబరులో తుఫానులు కలవు. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామాలను ముంచివేసిన సంగతి మన జిల్లా మరువదు. పొడి ఇసుక మెత్తగా ఉన్నదని ఏటి గర్భంలో గాని, వాగు మలుపులో గాని మకాం వేయరాదు. వాన మన నెత్తిన కురియనక్కరలేదు. ఎగువన కురిసినా చాలును. పున్నమికి దగ్గరి దినాలను ఎంచుకొంటే వెన్నెల తోడుగా ఉంటుంది. పంచాంగం చూచినా, హిజ్రీ కాలెండరులో పదునాలుగవ తేదీ చూచినా చంద్రుడు ఒక్కడే.

రంజాన్ మాసం ఏటేటా సుమారు పదునొకండు దినాలు ముందుకు జరుగుతూ శీతకాలంలో కూడ వస్తుంది. ఉపవాసమున్నవారిని నడిపించుట తగదు కనుక ఆ మాసాన్ని విడిచి తేదీలు నిర్ణయించవలెను. వంట విషయంలో సమ్లా కథను మరువరాదు. ఎవరు ఏమి తింటారు, ఏమి తినరు అని బయలుదేరకముందే అడిగి వ్రాసికొనవలెను. జొన్నరొట్టె, వేరుసెనగ చట్నీపొడి, బెల్లం, అటుకులు అందరికీ సరిపడేవి, చెడనివి, తేలికైనవి.

మొదటి దినం మైలవరం వైపుగా నడిచి గండికోట చేరి, గ్రామం వద్దనే మకాం. రెండవ దినం సామాను అక్కడనే ఉంచి, త్రాగునీటితో గండి అంచువెంట తిరిగి చీకటి పడకముందే వెనుకకు. మూడవ దినం బస్సులో తిరుగుప్రయాణం. ఇది తొలి యాత్రకు చాలును. కోట పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. లంకమల అభయారణ్యానికైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

మందుల సంచిలో ఉప్పు, చక్కెర ఉండవలెను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కలిపితే విరేచనాలకు, చెమట వలని నీరసానికి ప్రథమ చికిత్స. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరవలె. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. పాము కరచిన చోట కోయుట, గట్టిగా కట్టుట, నోటితో పీల్చుట హానికరములు. ఆ అవయవాన్ని కదలనీయక ఆసుపత్రికి చేర్చుటయే చికిత్స. 108కి ఫోను చేయవచ్చునుగాని, లోయలలో ఫోను పలుకని చోట్లు ఉంటాయి. కనుక దగ్గరి ఆసుపత్రికి దారి, దానికి పట్టే కాలం ముందే తెలిసియుండవలె.

అడుగుట, చెప్పుట

లంకమల అడవులు ప్రపంచ ప్రసిద్ధి పొందినది ఒక చిన్న పక్షి వలన. 1848లో బ్లైత్ వర్ణించిన కలివికోడి 1900 తరువాత ఎవరి కంటా పడక, అంతరించినదని శాస్త్రజ్ఞులు భావించారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పరిశోధన ఫలితంగా అది ఇక్కడ తిరిగి వెలుగులోనికి వచ్చినది. అయితే రాత్రివేళ దానిని పట్టుకొన్నది ఒక స్థానికుడు. శాస్త్రానికి ఎనభైఆరు సంవత్సరాలు కానరాని పక్షి పల్లెవాసులకు ఎరుకలోనే ఉన్నది. అడుగుటయే ఆలస్యమైనది.

కనుక యాత్రకు ముందు ఒక ఆదివారం ఇద్దరు పోయి, ఆ కొండలలో గొర్రెలు మేపేవారిని కలిసికొని రావలెను. ఏ ఊట ఏ నెల వరకు ఉంటుంది, ఏ దారి వానకు జారుతుంది, ఎక్కడ తేనెతుట్టెలు ఉన్నాయి, పొగ ఎక్కడ పెట్టరాదు అనే సంగతులు వారే చెప్పగలరు. మర్యాదతో అడిగి, పుస్తకంలో వ్రాసికొనవలెను.

అట్లే రెండు కాగితాలు వ్రాయవలెను. బృందం పేర్లు, దారి, మకాములు, తిరిగివచ్చే దినం, గంట అందులో ఉండవలె. ఒకటి కళాశాలలో, ఒకటి ఇంటివద్ద ఇవ్వవలె. దారి మారినచో ఎట్లయినా కబురు పంపవలె. అనుకొన్న గంట దాటినచో ఎవరు ఎవరికి తెలుపవలెనో ముందే నిర్ణయించవలె. అలసిన ఒకడు ఇక నడువలేనన్నచో బృందమంతా ఆగవలె. వానిని వెనుక విడిచి ముందుకు పోవుటకు ఎవరికీ అధికారం లేదు.

ఈ సన్నాహమంతా చూచి, ఇక సాహసమేమున్నదని విద్యార్థులు అడుగవచ్చును. ఎంత లెక్క వేసినా లెక్కకు అందనిది అడవిలో ఎంతో మిగిలియే ఉంటుంది. దానిని ఎదుర్కొనుటకే మన ధైర్యాన్ని దాచుకొనవలెను. ముందే తెలిసికొనదగిన విషయాల మీద దానిని వ్యర్థపరచరాదు. ఈ శీతకాలంలో ఏ బృందమైనా బయలుదేరదలచినచో, మొదట నీటి లెక్క వేసి మాకు చూపవలసినదిగా కోరుతున్నాము.