జీపు ఎత్తు పెరిగితే ఇరుసు పక్కకెందుకు జరుగుతుంది?

పిల్లలూ! కొండదారుల్లోనూ, వాగుల్లోనూ నడిచే జీపులను మీరు చూసే ఉంటారు. వాటిలో కొన్ని మామూలు జీపుల కంటే బాగా ఎత్తుగా కనిపిస్తాయి. రాళ్ళు అడుగుకు తగలకుండా, పెద్ద చక్రాలు పట్టేలా వాటి యజమానులు పొడవైన స్ప్రింగులు వేయించి బండిని పైకి లేపుతారు. నాలుగు స్ప్రింగులు మార్చితే పని అయిపోయినట్టే అనుకుంటాం. కాని అలా లేపిన బండి రోడ్డు మీదకు వచ్చాక కొత్త జబ్బులు బయటపడతాయి. గతుకు తగిలినప్పుడల్లా వెనకభాగం పక్కకు జరుగుతుంది. వేగం పెరిగితే కింది నుంచి ఒక వణుకు మొదలవుతుంది. మలుపులో వెనక చక్రాలు తమ ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది.

స్ప్రింగులు కొత్తవి, ఇరుసు పాతదే, చక్రాలు బాగానే ఉన్నాయి. మరి తప్పు ఎక్కడుంది? మీరు తరగతిలో చదువుకునే లంబకోణ త్రిభుజంలో ఉంది! ఎలాగో చూద్దాం.

ఇరుసును పట్టుకునేది ఎవరు?

ఎద్దుబండిలో ఇరుసును బండికే గట్టిగా బిగిస్తారు. అందుకే దారిలోని ప్రతి గుంటా మన వెన్నుకు తెలుస్తుంది. మోటారు బండిలో ఇరుసుకూ, పైనున్న చట్రానికీ మధ్య స్ప్రింగులు ఉంటాయి. లారీల్లోనూ, పాత జీపుల్లోనూ ఈ స్ప్రింగులు కమాను కట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు బరువును మోస్తాయి. ఇరుసు ముందుకూ పక్కకూ పోకుండా కూడా అవే పట్టుకుంటాయి. ఒకే వస్తువు రెండు పనులు చేస్తుందన్నమాట.

చుట్ట స్ప్రింగు అలా కాదు. అది బరువును మాత్రమే మోస్తుంది. ఇరుసును దాని మీద ఊరికే నిలబెడితే బండి కదలగానే అది ఎటో ఒకవైపు జారిపోతుంది. అందుకే చుట్ట స్ప్రింగులున్న జీపుల్లో ఇరుసును కొన్ని ఉక్కు కడ్డీలతో చట్రానికి కట్టివేస్తారు. ఒక రకం బండిలో వెనక ఇరుసుకు ఇలాంటివి మూడు ఉంటాయి. కుడి ఎడమల రెండు పొడవాటి చేతులు చట్రం నుంచి వెనక్కు వచ్చి ఇరుసును పట్టుకుంటాయి. ఇవి ఇరుసును ముందుకూ వెనక్కూ పోనివ్వవు. మూడోది అడ్డంగా ఉండే కడ్డీ. దాని ఒక కొస చట్రానికి, రెండో కొస ఇరుసుకు తగిలించి ఉంటుంది. ఇది ఇరుసును పక్కకు పోనివ్వదు. దీనిని పాన్‌హార్డ్ రాడ్ అంటారు. ఫ్రాన్సులోని ఒక పాత కార్ల కంపెనీ పేరే దీనికి స్థిరపడింది.

ఈ కడ్డీల కొసలు కీళ్ళవంటివి. తలుపు బందు మీద తిరిగినట్టు కడ్డీ తన కీలు చుట్టూ తిరుగుతుంది. తలుపు కొస నేరుగా పోదు, వృత్తచాపంలో పోతుంది కదా? కడ్డీ కొస కూడా అంతే. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మిగిలినదంతా దీని నుంచే వస్తుంది.

మొదటి జబ్బు: పక్కకు జరగడం

లెక్క కోసం అడ్డకడ్డీ పొడవు 90 సెం.మీ. అనుకుందాం. బండి తయారైనప్పుడు అది నేలకు సమాంతరంగా ఉంది. ఇప్పుడు బండిని 5 సెం.మీ. పైకి లేపాం. చట్రం వైపు కొస పైకి పోయింది, ఇరుసు వైపు కొస కిందే ఉంది. కడ్డీ వాలింది. కడ్డీ పొడవు మారదు కనుక అదే కర్ణం. ఎత్తు 5 సెం.మీ. అడ్డు దూరం ఎంత?

పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 90 వర్గం 8100. అందులోంచి 5 వర్గం 25 తీసివేస్తే 8075. దీని వర్గమూలం సుమారు 89.86. అంటే అడ్డు దూరం 1.4 మి.మీ. తగ్గింది. చట్రం కింద ఇరుసు అంత మేర పక్కకు జరిగింది. 1.4 మి.మీ. ఒక లెక్కా అంటారేమో. ఇంకా పైకి లేపి చూడండి.

మొదటి 5 సెం.మీ.కు జరిగేది 1.4 మి.మీ.
తరువాతి 5 సెం.మీ.కు 4.2 మి.మీ.
ఆ తరువాతి 5 సెం.మీ.కు 7 మి.మీ.

ప్రతిసారీ లేపింది అంతే, కాని జరిగింది మాత్రం పెరుగుతూ పోయింది. ఈ మూడు సంఖ్యలను 1.4తో భాగించండి. 1, 3, 5 వస్తాయి! పైనుంచి పడే రాయి వరుస సెకన్లలో ప్రయాణించే దూరాలు కూడా 1, 3, 5 నిష్పత్తిలోనే ఉంటాయని గెలీలియో కనుగొన్న సంగతి మీరు చదివే ఉంటారు. రాయికీ కడ్డీకీ చుట్టరికం ఏమిటి? రాయి పడిన దూరం కాలవర్గాన్ని బట్టి పెరుగుతుంది. కడ్డీ వాలు తక్కువగా ఉన్నంతవరకు పక్కకు జరిగే దూరం ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వర్గం ఉన్న చోటల్లా బేసి సంఖ్యలు ఇలా తొంగిచూస్తాయి.

ఇప్పుడు జబ్బు అర్థమవుతుంది. కడ్డీ సమాంతరంగా ఉన్నప్పుడు గతుకు తగిలి బండి 5 సెం.మీ. పైకి పోయినా, కిందికి పోయినా పక్క కదలిక 1.4 మి.మీ. మాత్రమే. బండిని 10 సెం.మీ. లేపిన తరువాత అదే గతుకులో పైకి పోతే 7 మి.మీ. ఒక దిక్కుకు, కిందికి పోతే 4.2 మి.మీ. ఇంకో దిక్కుకు. మొత్తం 11 మి.మీ. పైచిలుకు ఊగిసలాట. డ్రైవరుకు వెనకభాగం అటూ ఇటూ కొట్టుకున్నట్టు అనిపించేది ఇందుకే.

మీరే చేసి చూడండి

గట్టి అట్టను 22 సెం.మీ. పట్టీగా కత్తిరించండి. ఒక కొస దగ్గర గుండుసూదితో దానిని గళ్ళ కాగితం మీద గుచ్చండి. సూది నుంచి సరిగ్గా 20 సెం.మీ. దూరంలో చిన్న రంధ్రం చేసి పెన్సిలు మొన దూర్చండి. పట్టీని అడ్డంగా ఉంచి, మెల్లగా కిందికి తిప్పుతూ 3, 6, 9 సెం.మీ. దగ్గర చుక్కలు పెట్టండి. పెన్సిలు మొదట ఉన్న గీత నుంచి ప్రతి చుక్కా ఎంత లోపలికి వచ్చిందో కొలవండి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు తేడా సుమారు 2, 7, 12 మి.మీ. వస్తే మీ ప్రయోగం సరైనదే.

రెండో జబ్బు: వెనక చక్రాలు తిరగడం

ఇప్పుడు పొడవాటి చేతుల సంగతి. ఒక్కొక్కటి 80 సెం.మీ. అనుకుందాం. అవి సమాంతరంగా ఉన్నప్పుడు బండి మలుపులో ఒరిగితే ఒక చేయి 4 సెం.మీ. పైకి, రెండోది 4 సెం.మీ. కిందికి వాలుతుంది. రెండింటి అడ్డు దూరం ఒకే మేరకు తగ్గుతుంది. ఇరుసు తిన్నగానే ఉంటుంది. ఇది సౌష్ఠవం చేసే మేలు.

బండిని 10 సెం.మీ. లేపితే చేతుల ముందు కొసలు అంత పైకి పోతాయి. ఇప్పుడు మలుపులో ఒరిగినప్పుడు బయటి వైపు ఎత్తు తేడా 6 సెం.మీ.కు తగ్గుతుంది, లోపలి వైపు 14కు పెరుగుతుంది. లెక్క కడితే బయటి చేయి అడ్డు దూరం 79.8 సెం.మీ., లోపలిది 78.8 సెం.మీ. అంటే బయటి చక్రం లోపలి చక్రం కంటే 1 సెం.మీ. వెనక్కు పోయింది. ఇరుసు మొత్తం కాస్త మెలితిరిగింది. బండి ఎడమకు తిరుగుతుంటే వెనక చక్రాలు కుడివైపు చూస్తాయి. దాంతో వెనకభాగం బయటికి పోయి, డ్రైవరు కోరిన దానికంటే బండి ఎక్కువ తిరుగుతుంది. మలుపు మధ్యలో ఇది ఎంత ప్రమాదమో ఊహించండి.

మూడో జబ్బు: వణుకు

ఇంజను శక్తి గేరుపెట్టె నుంచి వెనక ఇరుసుకు ఒక పొడవాటి షాఫ్టు ద్వారా వస్తుంది. ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది కనుక ఆ షాఫ్టు రెండు కొసలకూ క్రాసు ఆకారపు జాయింట్లు ఉంటాయి. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు మీద దీనిని కార్డాన్ జాయింటు అంటారు. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ పేరుతో హుక్ జాయింటు అని కూడా అంటారు. హుక్ 1676లో అచ్చువేసిన పుస్తకంలో ఈ జాయింటును వర్ణించాడు. అదే పుస్తకం చివర స్ప్రింగుల సూత్రాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా దాచాడు. 1678లో గాని దాని ముడి విప్పలేదు. సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదివే హుక్ సూత్రమే అది. జీపు కింద పడుకుని చూస్తే హుక్ రెండు చోట్ల కనిపిస్తాడన్నమాట!

ఈ జాయింటుకు ఒక గుణం ఉంది. వంగి ఉన్నప్పుడు ఇటువైపు షాఫ్టు నిలకడగా తిరిగినా, అటువైపు షాఫ్టు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని, రెండుసార్లు తగ్గించుకుంటుంది. కోణం పెరిగినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. 6 డిగ్రీల వంపులో ఇది సుమారు అరశాతం. 13 డిగ్రీలలో రెండున్నర శాతం దాటుతుంది. మరి బండ్లు నున్నగా ఎలా నడుస్తున్నాయి? రెండు జాయింట్లనూ సరైన వరుసలో బిగించి, రెంటి కోణాలూ సమానంగా ఉంచితే మొదటిది చేసిన తప్పును రెండోది సరిగ్గా దిద్దుతుంది.

మన బండిలో షాఫ్టు పొడవు 100 సెం.మీ., రెండు కొసల ఎత్తు తేడా 12 సెం.మీ. అనుకుంటే వాలు సుమారు 7 డిగ్రీలు. 10 సెం.మీ. లేపాక తేడా 22, వాలు 13 డిగ్రీలు. అంతటితో ఆగలేదు. చేతులు వాలడంతో వాటికి బిగిసిన ఇరుసు కూడా 7 డిగ్రీలు తిరిగి, దాని ముక్కు పైకి లేచింది. ఫలితంగా పై జాయింటు కోణం 13 డిగ్రీలు, కింది జాయింటుది 6 డిగ్రీలు. ఒకటి చేసిన తప్పును రెండోది ఇక దిద్దలేదు. షాఫ్టు నిమిషానికి 2400 చుట్లు తిరిగితే సెకనుకు 40 చుట్లు, అంటే సెకనుకు 80 కుదుపులు. డ్రైవరు సీటు కింద వినిపించే ఆ గురగుర శబ్దం ఇదే.

మందు ఏమిటి?

చాలామంది ముందు చేసేది, పొడవు మార్చుకునే వీలున్న అడ్డకడ్డీ వేయడం. దానిని ఐదున్నర మిల్లీమీటర్లు పొడవు చేస్తే ఇరుసు మళ్ళీ బండి మధ్యకు వస్తుంది. కొలిచి చూసి అంతా సరిపోయిందని సంతోషిస్తారు. కాని కడ్డీ వాలు పోయిందా? లేదు. బండి నిలబడి ఉంటే ఇరుసు మధ్యలో ఉంటుంది. గతుకు తగలగానే మళ్ళీ పక్కకు పరుగెడుతుంది. ఇరుసు ఉన్న చోటు వేరు, అది కదిలే దారి వేరు. వాలు పోవాలంటే ఇరుసు మీద కడ్డీ కొసను పట్టే బ్రాకెట్టును బండిని లేపినంత మేర ఎత్తు చేయాలి.

పొడవాటి చేతులకు ఇందుకు వ్యతిరేకం. చట్రం వైపు కీళ్ళను అంతమేర కిందికి దించే బ్రాకెట్లు వేయాలి. చేతులు మళ్ళీ సమాంతరమవుతాయి. దానితోపాటు ఇరుసు ముక్కు కూడా తన చోటికి వస్తుంది. షాఫ్టు వాలు 13 డిగ్రీలే ఉన్నా రెండు జాయింట్ల కోణాలు సమానమవుతాయి. ఒక్క మందుతో రెండు జబ్బులు నయం! కమాను కట్టల బండిలోనైతే ఇరుసుకూ కమానుకూ మధ్య ఏటవాలు ఉక్కు బిళ్ళలు పెట్టి ఈ కోణాన్ని దిద్దుతారు.

ఏ మందైనా ఊరికే రాదు. కిందికి దిగిన బ్రాకెట్టు రాళ్ళకు తగులుతుంది. పొడవు పెరిగిన బ్రాకెట్టు మీటలా పనిచేసి, మొదట్లో వెల్డింగు మీద ఎక్కువ బలభ్రామకం వేస్తుంది. అది నాసిరకం వెల్డింగు అయితే ఊడిపోతుంది. బ్రేకు గొట్టం పొడవు చాలుతుందా అన్నది కూడా చూడాలి.

నయం కాని జబ్బు

ఇన్ని దిద్దినా ఒకటి మిగిలిపోతుంది. అదే గరిమనాభి. చక్రాల మధ్య దూరం 140 సెం.మీ., గరిమనాభి ఎత్తు 70 సెం.మీ. అయితే బండిని పక్కకు 45 డిగ్రీలు వంచేవరకు పడదు. గరిమనాభి 78 సెం.మీ.కు పెరిగితే 42 డిగ్రీలకే పడుతుంది. ఇది బండి బిగుసుకుపోయి ఉందనుకుని వేసిన లెక్క. నిజానికి స్ప్రింగులూ టైర్లూ నొక్కుకుంటాయి కనుక ఇంకా ముందే పడుతుంది. దీనిని ఏ బ్రాకెట్టూ బాగుచేయలేదు. ఎత్తు పెంచిన బండిని మలుపుల్లో నెమ్మదిగా నడపడం ఒక్కటే మార్గం. తయారీదారు నిర్ణయించిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మన దేశపు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఎందుకు అదుపు చేస్తుందో ఇప్పుడు మీకు తేలిగ్గానే అర్థమవుతుంది.

యంత్రంలో ఏ భాగమూ ఒంటరిది కాదు. ఒకచోట 10 సెం.మీ. మార్చితే ఆ మార్పు కడ్డీ నుంచి కడ్డీకి, కోణం నుంచి కోణానికి పాకుతుంది. ఎక్కడికి పాకుతుందో ముందే లెక్కకట్టి చూసేవాడే మంచి ఇంజనీరు, మంచి మెకానిక్ కూడా.

ఆలోచించండి

1. అడ్డకడ్డీ 90 సెం.మీ.కు బదులు 60 సెం.మీ. ఉంటే, సమాంతర స్థితి నుంచి 6 సెం.మీ. లేపినప్పుడు ఇరుసు ఏ బండిలో ఎక్కువ జరుగుతుంది? ఎంత?

2. రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉన్నా, మధ్యలోని షాఫ్టు మాత్రం నిలకడగా తిరగదు. ఎందుకు?

జవాబులు: 1. పొట్టి కడ్డీ ఉన్న బండిలో 3 మి.మీ.; పొడవు కడ్డీ బండిలో 2 మి.మీ. 2. మొదటి జాయింటు చేసిన తప్పు రెండో జాయింటు దగ్గర గాని దిద్దబడదు. ఆ రెంటి నడుమ ఉన్న షాఫ్టు ఆ తప్పును మోయక తప్పదు.