పగడాల తొట్టెకు ఏ చేపల గుంపు?

ప్రశ్న: నాలుగడుగుల సముద్రపు నీటి తొట్టెలో పగడాలు పెంచుతున్నాను. గుంపుగా తిరుగుతాయని ఆరు నీలి డామ్సెల్స్ వేస్తే, ఒకటి మిగతావాటిని తరిమి కొరుకుతోంది. వీటి బదులు ఏవి వేయాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డామ్సెల్స్ చిన్నప్పుడు కలిసే తిరుగుతాయి. ఎదిగేకొద్దీ ఒక్కొక్కటీ ఓ రాతిని సొంతం చేసుకుని ఇంకో చేపను దగ్గరికి రానివ్వదు. వాటిని దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.

మీకు గ్రీన్ క్రోమిస్ నప్పుతాయి. లైటు పడితే లేత ఆకుపచ్చ మీద నీలం మెరుస్తుంది. ఇవీ డామ్సెల్ జాతివే, కానీ చాలా నెమ్మది. రెండు మూడే ఉంటే మాత్రం బలహీనమైనదాన్ని వేధిస్తాయి కాబట్టి ఏడెనిమిది ఒకేసారి వేయండి. కొనేటప్పుడు పక్కలు పరిశీలించండి. ఎర్రటి పుండు ఒక్కదానికి ఉన్నా ఆ తొట్టెలోవి ఏవీ వద్దు. తెచ్చినవాటిని కనీసం మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. ఆంథియాస్ ఇంకా అందమైనవే, కానీ రోజుకు మూడుసార్లయినా మేత వేయాలి. షిఫ్టు డ్యూటీ ఉన్న ఇంట్లో కష్టం.

విశాఖ వేసవిలో తొట్టె నీరు 30 డిగ్రీలు దాటితే పగడాలు తెల్లబడతాయి. చిల్లర్‌తో 26 దగ్గర నిలపండి. రేవు నీళ్లు అసలు పోయకండి, వాటిలో నూనె, లోహాలు ఉంటాయి.

చేపలు నీటిపైకి వచ్చి ఆయాసపడినా, పుండ్లు పడినా సొంతంగా మందులు వేయకండి. రాగి కలిసిన మందు పగడాలను చంపేస్తుంది. వెంటనే చేపల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించండి.