స్నేహితులతో ఒక సెలవు దినము

ఆరవ తరగతి విద్యార్థులారా,

"సెలవు" అను మాటకు మన భాషలో ఒకటికంటె ఎక్కువ అర్థములు కలవు. పాఠశాల లేని దినము సెలవు. వీడ్కోలు చెప్పుట కూడ సెలవే. "ఇక సెలవు" అని పెద్దలు లేచి వెళ్ళుట మీరు వినియుందురు. ఈ సంవత్సరాంతమున ఆ రెండర్థములును మీకు కలిసి వచ్చుచున్నవి. ఇన్నేళ్ళు ఒకే గదిలో తెలుగు నేర్చినవారు వేరువేరు మాధ్యమిక పాఠశాలలకు వెళ్ళెదరు. అక్కడ తెలుగు తరగతి ఉండకపోవచ్చును. తెలుగులో మాటాడు అలవాటును పుస్తకముకంటె స్నేహమే ఎక్కువకాలము నిలుపునని నా నమ్మకము. కాబట్టి విడిపోవుటకు ముందు, పెద్దలను వెంటబెట్టుకొని, ఒక్క దినము కలిసి విహారమునకు వెళ్ళుడు. దానిని ఎట్లు ఆస్వాదించవలెనో ఈ పాఠమున చెప్పెదను.

ఆస్వాదించుట అనగా రుచి చూచుట. రుచిగలది, తీయనిది అను అర్థమిచ్చు "స్వాదు" అను సంస్కృత పదమునకు ఇది చుట్టము. నోట పెట్టిన వెంటనే మింగినవాడు తిన్నవాడగును గాని ఆస్వాదించినవాడు కాడు. నేడు విహారమును కూడ మింగివేయుచున్నారు. బస్సు దిగుట, ఫోటో తీయుట, మరల బస్సెక్కుట! సాయంకాలమునకు ఫోనులో రెండు వందల బొమ్మలుండును. అక్కడి గాలి ఏ వాసన వేసెనని అడిగినచో జవాబు రాదు.

మన పేరాక్ రాష్ట్రములోని పంగ్కోర్ దీవిని ఉదాహరణగా తీసికొందము. లుముట్ రేవునుండి ఓడలో సుమారు అరగంట ప్రయాణము. ఓడ వెనుక నీరు చీలి తెల్లని నురుగు బాట ఏర్పడును. ఆ బాట ఎంత దూరమున మాసిపోవునో స్నేహితులతో పందెము వేయుడు. దీవి చేరగానే ఎండుచేపల వాసన తగులును. ముక్కు మూసికొనవలదు. అవి ఇకాన్ బిలిస్. మన తెలుగులో నెత్తళ్ళు. జాలరులు వాటిని ఉప్పునీట ఉడికించి ఎండలో పరచుదురు. మీ నాసి లెమాక్ పొట్లములో వేరుసెనగ గింజల ప్రక్కన కరకరలాడునవి ఇవియే.

దీవిలో తిరుగుటకు గులాబి రంగు వ్యానులు దొరకును. తెలుక్ నిపా తీరమున, ముక్కుపై కొమ్మువంటి తొడుగు గల పెద్ద పక్షులు చెట్లపై వాలును. మలయు భాషలో వాటిని ఎంగాంగ్ అందురు. సద్దు చేయక నిలిచినచో వాటి రెక్కల చప్పుడు వినవచ్చును. (పదిమంది పిల్లలు ఒకేసారి మౌనముగా నుండుట ఉపాధ్యాయులకు ఆ పక్షికంటె అపురూపమైన దృశ్యము.)

తెలుక్ గెడుంగ్ అను చోట, తగరమును భద్రపరచుటకు డచ్చివారు 1670లో కట్టించిన కోట యొక్క గోడలున్నవి. ఇటుకలపై చేయి ఉంచి చూడుడు. ఎండ పడు వైపు వెచ్చగను, నీడ వైపు చల్లగను ఉండును. ఈ దీవి పేరుతోనే 1874 జనవరి 20న ఒక ఒడంబడిక జరిగెను. దానితో పేరాక్‌లో బ్రిటిషువారి పెత్తనము మొదలాయెను. తరువాత తోటలు పెరిగెను. వాటిలో పనికి మన పూర్వులు సముద్రము దాటి వచ్చిరి. మా నాయనమ్మ సముద్రతీరమునకు రమ్మన్నను వచ్చెడిది కాదు. అలలను చూచినచో ఓడప్రయాణము గుర్తుకు వచ్చుననెడిది. అదే నీటిలో మీరు కేరింతలు కొట్టుచున్నప్పుడు ఆమెను తలచుకొందును.

ఇక భోజనము. కార్తీక మాసమున ఉసిరిచెట్టు నీడలో అందరు కూడి భుజించుట మనవారి ఆచారము, దానిని వనభోజనమందురు. పంగ్కోర్‌లో ఉసిరిచెట్టును వెదకనక్కరలేదు, ఏ చెట్టు నీడయైనను చాలును. ఒకరు పులిహోర, ఒకరు నాసి లెమాక్, ఒకరు రంబుతాన్ పండ్లు తేవలెను. పులిహోర లుముట్ చేరకముందే అయిపోవుట మనకు అలవాటే గనుక రెండు డబ్బాలు తెచ్చుట మేలు. ఎవరి డబ్బా వారు పట్టుకొని కూర్చుండక, అన్నింటిని నడుమ నుంచి పంచుకొనుడు. కొనితెచ్చిన ఆటబొమ్మకంటె, స్నేహితుని తల్లి చేసిన పచ్చడి రుచి ఎక్కువకాలము జ్ఞాపకముండుట నేను చూచితిని.

తిన్న తరువాత వెంటనే లేవవలదు. నీరు పెరుగుట పోటు, తగ్గుట ఆటు. నీటి అంచున ఒక పుల్ల గ్రుచ్చి, ఏది జరుగుచున్నదో కనిపెట్టుచు కబుర్లు చెప్పుకొనుడు. ఫోటో, అందరికి కలిపి ఒక్కటి చాలును.

అభ్యాసము: తిరిగి వచ్చిన తరువాత, మీతో వచ్చిన ఒక స్నేహితునికి తెలుగులో పది వాక్యముల ఉత్తరము వ్రాయుడు. ఆ దినమున చూచినది, వినినది, వాసన చూచినది, రుచి చూచినది, తాకినది ఒక్కొక్కటి అందులో ఉండవలెను. "చాలా బాగున్నది" అను మాటను ఒక్కసారికి మించి వాడరాదు. స్నేహితుని చిరునామాను ముందుగానే అడిగి వ్రాసికొనుడు. ఉత్తరమును నాకు చూపనక్కరలేదు. నేరుగా తపాలాపెట్టెలో వేయుడు.