మోచేయి, మోకాలిచిప్ప విరిగితే కట్టు ఎందుకు చాలదు?



ఎముక విరిగిందంటే మన కొండాపురం ప్రాంతంలో మొదట వినిపించే మాట "పుత్తూరికి పోదాం పదండి" అని. గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గంలో ఉన్న మన స్టేషనులో రైలెక్కి, పుత్తూరు చేరి, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టు కట్టించుకొని వచ్చినవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆ కట్టుతో బాగుపడినవారు ఉన్నమాట నిజమే. ఎముక చీలినా ముక్కలు కదలకుండా ఉంటే, దాన్ని కదలనీయకుండా ఉంచినంత మాత్రాన అదే అతుకుతుంది. కానీ మోచేతి వెనుక ఎముక, మోకాలిచిప్ప ముక్కలై దూరం జరిగితే పుత్తూరు కట్టయినా, ఆసుపత్రి పిండికట్టయినా వాటిని దగ్గరకు చేర్చలేదు. కారణం ఏమిటో, వైద్యులు ఏం చేస్తారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఈ రెండు ఎముకల ప్రత్యేకత

మోచేతిని బల్ల మీద ఆనించినప్పుడు తగిలే గట్టి మొన ముంజేతిలోని అల్నా అనే ఎముక పైచివర. దీనిని ఓలెక్రానాన్ అంటారు. దండచేయి వెనుక ఉన్న ట్రైసెప్స్ కండరం దీనికే అతుక్కొని ఉంటుంది. ఆ కండరం లాగితేనే చేయి చాపగలం.

మోకాలిచిప్పను పటెల్లా అంటారు. స్నాయువు లోపల పుట్టే ఎముకలలో ఇదే అన్నింటికన్నా పెద్దది. పైనుంచి తొడ కండరం, కిందినుంచి కాలి ఎముకకు పోయే స్నాయువు దీనిని పట్టుకొని ఉంటాయి. బావిలో నీళ్లు చేదే తాడుకు గిలక ఎలాగో, తొడ కండరానికి చిప్ప అలాగ. చిప్ప ఉన్నందువల్లే తక్కువ బలంతో కాలు చాపగలుగుతున్నాం.

ఇప్పుడు తాడులాగుడు పోటీని తలచుకోండి. తాడు మధ్యలో తెగితే రెండు ముక్కలూ చెరోవైపు పోతాయి కదా! చిప్ప అడ్డంగా విరిగినా అంతే. పై ముక్కను తొడ కండరం పైకి లాగేస్తుంది. మోచేతి మొననూ ట్రైసెప్స్ అలాగే లాగుతుంది. బయట ఎంత గట్టిగా కట్టు కట్టినా లోపలి కండరం లాగడం మానదు.

ఎలా గుర్తించాలి?

తడిసిన బండల మీద జారి మోకాళ్ల మీద పడినప్పుడు, కబడ్డీలో మోచేయి నేలకు కొట్టుకున్నప్పుడు, మోటారు సైకిలు ప్రమాదాల్లో ఈ దెబ్బలు తగులుతాయి. కీలు వెంటనే వాస్తుంది. వేలితో తాకితే ముక్కల మధ్య పల్లం తెలియవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఒకటి ఉంది. పడుకొని, మోకాలు వంచకుండా మడమను పైకి లేపలేకపోతే చిప్పగానీ దాని స్నాయువుగానీ తెగిందని అనుమానించాలి. చేయి పైకెత్తి మోచేతిని చాపలేకపోవడం కూడా అలాంటి గుర్తే. నొప్పిగా ఉంటే బలవంతంగా పరీక్షించరాదు. లేపగలిగినంత మాత్రాన విరగలేదని కాదు, ఎక్స్‌రే తీయించాల్సిందే.

చిప్ప ముక్కల మధ్య ఎడం 3 మిల్లీమీటర్ల లోపు ఉండి, లోపలి గీళ్ల ఉపరితలంలో ఎగుడుదిగుడు 2 మిల్లీమీటర్లు మించకుండా, కాలు లేపగలుగుతూ ఉంటే సాధారణంగా ఆపరేషన్ లేకుండానే నాలుగు నుండి ఆరు వారాలు కాలు చాచి ఉంచి నయం చేస్తారు. అంతకు మించితే ఆపరేషన్ అవసరమవుతుంది.

శస్త్రచికిత్స ఎలా పుట్టింది?

ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ లిస్టర్ 1877లో లండనులో విరిగిన మోకాలిచిప్పను తెరిచి వెండి తీగతో కుట్టాడు. అంతకు కొన్నేళ్ల ముందే మోచేతి ఎముకకూ అలాగే చేశాడు. కీలును తెరిస్తే చీము పట్టి ప్రాణం పోతుందని అందరూ భయపడే కాలమది. క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లం వాడి ఆ భయాన్ని ఆయన పోగొట్టాడు. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. దానిని రాంట్‌జెన్ 1895లో కనుగొన్నాడు. తరువాత 20వ శతాబ్దంలో జర్మనీ వైద్యుడు పావెల్స్, లాగే శక్తినే నొక్కే శక్తిగా మార్చే పద్ధతిని చూపించాడు. దానినే టెన్షన్ బ్యాండ్ వైరింగ్ అంటారు.

ఆ సూత్రాన్ని మన గదిలోనే చూడవచ్చు. రెండు అగ్గిపెట్టెలను చివరలు తగిలేలా పక్కపక్కన పెట్టి, కలిసిన చోట పైభాగాన మాత్రమే టేపు అంటించండి. రెండు చివరలనూ కిందికి వంచండి. టేపు లేకపోతే పైభాగం నోరు తెరుచుకునేది. టేపు ఉన్నందున పైన తెరుచుకోదు, కింది అంచులు ఒకదానినొకటి గట్టిగా నొక్కుకుంటాయి. చిప్ప ముందు వైపు, మోచేతి వెనుక వైపు వేసే తీగ కూడా ఈ టేపు వంటిదే. కీలు వంచినప్పుడు ముక్కలు విడిపోకుండా మరింత దగ్గరవుతాయి.

ఆపరేషనులో జరిగేది

మోకాలికైతే తరచుగా వెన్నులో, మోచేతికైతే చంక లేదా మెడ దగ్గర మత్తు సూది వేస్తారు. అవసరమైతే పూర్తి మత్తు ఇస్తారు. చర్మం కోసి, గడ్డకట్టిన రక్తం కడిగి, ముక్కలను సరిగ్గా కలిపి, రెండు సన్నని ఉక్కు కడ్డీలు సమాంతరంగా దింపుతారు. వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తీగ తిప్పి మెలివేస్తారు. మోచేతి ఎముక నుజ్జయితే ప్లేటు, స్క్రూలు వేస్తారు. చిప్ప విషయంలో అతకని చిన్న ముక్కలు తీసివేసినా, వీలైనంత చిప్పను కాపాడటానికే చూస్తారు.

తరువాతి కాలమే అసలు పరీక్ష

ఎముక అతకడానికి సుమారు ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. అయితే అన్నాళ్లూ కదలకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. మోచేయి మరీ త్వరగా బిగుస్తుంది. ఆపరేషన్ వల్ల కలిగే పెద్ద లాభం, వైద్యుడు చెప్పిన రోజు నుంచి కీలును కొద్దికొద్దిగా కదిలించగలగడమే. నొప్పికి భయపడి వ్యాయామం మానితే వేసిన తీగ వృథా. పోలీసు, సైన్యం ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే మనవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. మోచేతికి నూనె మర్దన, బలవంతంగా వంచడం మాత్రం వద్దు. వాటివల్ల కండరంలో ఎముక పెరిగి చేయి శాశ్వతంగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మానిపించడం కూడా తప్పే. ఎముక అతకడానికి పాలు, గుడ్లు, పప్పుధాన్యాలు కావాలి. బీడీ, సిగరెట్టు ఎముక అతుకును ఆలస్యం చేస్తాయి. గాయం దగ్గర ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే వెంటనే వైద్యుని కలవాలి. తీగ చర్మానికి గుచ్చుకుంటూ బాధిస్తే, ఎముక పూర్తిగా అతికాక తీసివేస్తారు.

చిన్న తరగతుల తమ్ముళ్ల విషయం

పిల్లలు చేయి ఆనించి పడితే ఎక్కువగా విరిగేది మోచేతి కీలుకు కాస్త పైన, దండ ఎముక కిందిభాగం. అక్కడే చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఉంది. వాపు పెరుగుతున్నప్పుడు బిగుతుగా కట్టు కడితే రక్తప్రసారం ఆగి, కొద్ది గంటల్లోనే కండరాలు చచ్చిపోతాయి. వేళ్లు కొంకర్లు పోయి చేయి పనికిరాకుండా పోతుంది. దీనిని జర్మనీకి చెందిన వోక్‌మన్ 1881లోనే వివరించాడు. వేళ్లు చల్లబడి పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా కట్టు వెంటనే వదులుచేయించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెల్లవారేదాకా ఆగరాదు.

దెబ్బ తగిలిన వెంటనే

లాగడం, సరిచేయడం వద్దు. ఉన్న స్థితిలోనే స్కేలు లేదా మడిచిన వార్తాపత్రిక ఆధారంగా పెట్టి వదులుగా కట్టాలి. ఉంగరం, కడియం తీసేయాలి. గాయం ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పాలి. ఆపరేషన్ అవసరం కావచ్చు కనుక ఏమీ తినిపించకూడదు. వార్డెన్ గారికి చెప్పి 108కు ఫోన్ చేయాలి. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి, కడప రిమ్స్ మనకు అందుబాటులో ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకం ఆ ఆపరేషనుకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని పథకం సిబ్బందిని అడగాలి. డబ్బు లేదన్న దిగులుతో ఇంటివద్దే ఉండిపోవద్దు.

మన తల్లిదండ్రులు రెక్కల కష్టం మీద బ్రతికేవారు. వారికి ఒక చేయి, ఒక కాలు ఎంత విలువైనవో మనకు వేరే చెప్పనక్కరలేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ నాలుగు మాటలు వారికి కూడా చదివి వినిపిస్తారని ఆశిస్తున్నాము.