శీతకాలపు తోట పనులు - ఉడుతల బెడద
(పంచాయతీ సభ్యుల అధ్యయనమునకు)

కార్తీకము మొదలు మాఘము వరకు కూరగాయల సాగుకు మేలైన కాలము. ఎండ తీక్షణత తక్కువ; నీటి ఖర్చును తక్కువ. కాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, కారెట్, మెంతి, కొత్తిమీర ఈ చలిలో చక్కగా పెరుగును. పాఠశాల ఆవరణలోను, అంగన్‌వాడీ పెరటిలోను, పంచాయతీ నర్సరీలోను చేయవలసిన పనులు పెక్కు ఈ నెలలలోనే కలసివచ్చును.

జామకాయలు పక్వమునకు వచ్చుటయు ఈ కాలముననే. వాటితోపాటే ఉడుతలును వచ్చును. "ఒక్క కాయ మిగులుట లేదు, మందు పెట్టవలసినదే" అను మాట పలుచోట్ల వినవచ్చును. పిల్లలు తిరుగాడు తోటలో మందు పెట్టవచ్చునా? పెట్టనిచో పంటను కాపాడుకొనుట ఎట్లు? ఇది పంచాయతీ ఆలోచించి తేల్చవలసిన విషయము. తోట పనులు వేళకు జరిగినచో ఉడుతల వలన కలుగు నష్టము చాలవరకు తగ్గునని ఈ పాఠము తెలుపును.

1. చేయవలసిన పనులు

నారుమళ్లను నేలకంటె జానెడు ఎత్తుగా కట్టి, విత్తనమును వరుసలలో పలుచగా వేయవలెను. వంగ, టమాటా నారు 25 నుండి 30 దినములకు నాటుటకు సిద్ధమగును. నీరు ఉదయమున పెట్టుట మంచిది. సాయంకాలము పెట్టినచో ఆకులపై తేమ రాత్రియంతయు నిలిచి తెగుళ్లకు దారితీయును. చిక్కుడుకు పేనుబంక పట్టినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొద్దిగా సబ్బు నీటిని కలిపి చల్లవలెను. బెండ, చిక్కుడు ఆకులపై బూడిద తెగులు కనిపించినచో నీటిలో కరుగు గంధకమును లీటరుకు 3 గ్రాముల చొప్పున వాడవచ్చును.

కాపునకు వచ్చిన మామిడి చెట్లకు పూతకు ముందు నీరు పెట్టరాదు. పిందె కట్టిన పిదప పెట్టవలెను. రాలిన ఆకులను తగులబెట్టరాదు. కొంత కంపోస్టు గుంటలో వేసి, మిగిలినదానిని మొక్కల పాదులలో పరచినచో తేమ నిలుచును. మొదలు కుళ్లకుండ కాండమునకు ఆనించక బెత్తెడు దూరము విడువవలెను.

2. ఉడుత స్వభావము

మన ఊళ్లలో కనిపించునది వీపుపై చారలు గల చిన్న ఉడుత. దక్షిణ భారతమున మూడు చారల జాతియు, ఉత్తరమున అయిదు చారల జాతియు ఎక్కువ. ఇది పగటివేళ తిరుగు ప్రాణి. చలిదేశములలోని కొన్ని జాతులవలె శీతకాలమంతయు నిద్రించదు. కావున దీనికి ఏడాది పొడవునను ఆహారము కావలెను. దీని ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే ఉండును. వాటిని అరగదీసికొనుటకు ఏదో ఒకటి కొరుకక తప్పదు. ఇది కాయలు, గింజలు, చిగుళ్లతోపాటు పురుగులను కూడ తినును. బూరుగు వంటి చెట్ల పూలలో తేనె త్రాగుచు పుప్పొడిని ఒక పూవు నుండి మరియొక పూవునకు చేర్చును. నష్టముతోపాటు మేలును కలదన్నమాట.

3. నష్టము చేసినది ఎవరు?

తోటలో జరిగిన నష్టమంతయు ఉడుతదే అనుకొనరాదు. పగలు చెట్టుపైనే కాయను కొరికి, పండ్ల గాట్లు విడుచునది ఉడుత. ముక్కుతో చీల్చి సగము తిని క్రింద పడవేయునది రామచిలుక. రాత్రివేళ పండును నమిలి పిప్పిని ఉమియునది గబ్బిలము. తెల్లవారునప్పటికి నారు తెగిపడియున్నచో ఎలుకను అనుమానింపవలెను. సాయంకాలము మడి చుట్టును మెత్తని బూడిద చల్లి ఉదయమున అడుగుజాడలు చూచినచో నిజము తెలియును. రెండు మూడు దినములు ఇట్లు పరిశీలించిన పిదపనే ఉపాయము ఎన్నుకొనవలెను.

4. పంటను కాపాడు మార్గములు

జామకాయలు ముదురాకుపచ్చ నుండి లేతరంగునకు తిరుగగానే కోసి ఇంట మాగవేయవలెను. చెట్టున పండువరకు ఉంచుట ఉడుతలను పిలుచుటయే. కాయ నిమ్మకాయంత కాగానే గుడ్డ సంచి తొడిగినచో మరింత రక్షణ. రాలిన కాయలను ప్రతిదినము ఏరివేయవలెను.

నారుమళ్లపై అరయంగుళము కన్నుల ఇనుప వలను చట్రమునకు బిగించి కప్పవలెను. నైలాను వలను ఉడుత కొరుకగలదు. అది వదులుగా వ్రేలాడినచో పక్షులును పాములును చిక్కుకొనును. కొబ్బరి బోదెకు రెండు మీటర్ల ఎత్తున 40 సెంటీమీటర్ల వెడల్పు గల నున్నని రేకును చుట్టవచ్చును. అయితే మట్టలు ప్రక్క చెట్టుకు గాని, కప్పునకు గాని తగులుచున్నచో రేకు వృథా. విత్తనములను మూతగల డబ్బాలలో ఉంచవలెను.

తోటకు దూరముగా ఒక మూల మట్టిపళ్లెములో నీరుంచుట మంచిది. దినమునకొకసారి నీరు మార్చవలెను. గింజలు వేసి మచ్చిక చేయరాదు. చేసినచో వాటి రాక మరింత పెరుగును. గూటిలో పిల్లలున్నచో, అవి ఎదిగి వెడలిన పిదపనే కప్పులోని రంధ్రములను మూయవలెను.

5. విషము తగదు

ఎలుకలకు వాడు జింకు ఫాస్ఫైడు కడుపులో చేరగానే ఫాస్ఫీన్ అను విషవాయువును విడుచును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. నూకలలో నూనెతో కలిపి పెట్టిన ఎర ఉడుతకు మాత్రమే అందునని చెప్పజాలము. కోళ్లు తినవచ్చును, పసిపిల్లలు చేత పట్టవచ్చును, చచ్చిన ఉడుతను కుక్కయో పిల్లియో తినవచ్చును. నాలుగు జామకాయల కొరకు ఒక బిడ్డ ప్రాణమును పణముగా పెట్టుట తగునా? బడి తోటలోను, అంగన్‌వాడీ పెరటిలోను ఇట్టి ఎర పెట్టరాదని పంచాయతీ స్పష్టముగా తీర్మానింపవలెను.

ఉడుతలను చేత పట్టరాదని పిల్లలకు చెప్పవలెను. కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను.

6. పంచాయతీ బాధ్యత

పాఠశాలలలో పోషకాహార తోటల పెంపకమునకు కేంద్ర ప్రభుత్వము 2019లో మార్గదర్శకములు వెలువరించినది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 గ్రామ నర్సరీని, నాటిన మొక్కల సంరక్షణను పంచాయతీ విధులలో చేర్చినది. నాటుటతో పని ముగియదు. నిలుపుటయే అసలు పని. వార్డు సభ్యులు వారమునకొకమారు తోటను చూచి, నీరు, వల, రాలిన కాయలు, కంపోస్టు గుంట - ఈ నాలుగింటిని తనిఖీ చేసినచో చాలును. ఇనుప వలకును, రేకులకును అగు ఖర్చు ఒకసారిదే. ఫలితము ఏండ్ల తరబడి ఉండును. ఉడుతాభక్తి అను మాట మన భాషలోనే కలదు. ప్రతి ఇంటివారును తమ వంతుగా కొద్ది సాయము చేసినచో తోటయు నిలుచును, ఉడుతయు బ్రదుకును.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామములోని బడి తోటకు నష్టము పగలు కలుగుచున్నదా, రాత్రి కలుగుచున్నదా? ఎవరు పరిశీలించిరి?
2. నారుమళ్లకు వల ఎన్ని గజములు కావలెను? ఖర్చు ఏ పద్దు నుండి పెట్టవచ్చును?
3. సెలవు దినములలో తోటకు నీరు పెట్టువారు ఎవరు?
4. ఎలుకల మందు బడి ఆవరణలో ఎక్కడనైనను నిలువయున్నదా? ఉన్నచో నేడే తొలగించు బాధ్యత ఎవరిది?