డాక్టరుకు రంగుల చొక్కా తగునా?

డాక్టరు బొమ్మ గీయమంటే ఒకటో తరగతి పిల్లలు కూడా రెండు గుర్తులు మరిచిపోరు: మెడలో స్టెతస్కోపు, ఒంటి మీద తెల్లకోటు. అదే డాక్టరు పులుల బొమ్మలున్న చొక్కా, పచ్చ బూట్లు, నెమలి ఈకల టోపీ వేసుకుని వార్డులోకి వస్తే మనం నమ్ముతామా? మందు రాసిస్తే మింగుతామా? నవ్వులాటగా కనిపించే ఈ ప్రశ్న మీద చాలా దేశాల్లో డాక్టర్లు, ప్రభుత్వాలు గట్టిగానే వాదించుకున్నారు. ఆ వాదన ఏమిటో, అందులో న్యాయం ఎటువైపు ఉందో ఈ వ్యాసంలో చూద్దాం.

నల్లకోటు పోయి తెల్లకోటు వచ్చింది

తెల్లకోటు ఎప్పటినుంచో ఉన్నదని మనం అనుకుంటాం. నిజానికి దాని వయసు నూట యాభై ఏళ్లకు మించదు. అంతకుముందు యూరప్, అమెరికాలలో డాక్టర్లు నల్లకోటు వేసుకునేవారు. నలుపు హుందాతనానికి గుర్తు. పైగా దాని మీద మరకలు కనబడవు. ఆ కోటుతోనే ఆపరేషన్లు కూడా చేసేవారు.

ఈ మార్పును రెండు బొమ్మలలో చూడవచ్చు. ఫిలడెల్ఫియా నగరానికి చెందిన థామస్ ఈకిన్స్ అనే చిత్రకారుడు 1875లో ఒక ఆపరేషన్ దృశ్యాన్ని చిత్రించాడు. దాని పేరు ‘ద గ్రాస్ క్లినిక్’. అందులో సర్జన్లందరూ నల్లకోట్లలో ఉంటారు. అదే చిత్రకారుడు 1889లో ‘ద ఆగ్న్యూ క్లినిక్’ గీశాడు. ఇందులో సర్జన్లందరూ తెల్లబట్టల్లో ఉంటారు. పద్నాలుగేళ్లలో నలుపు తెలుపైంది!

ఎందుకు? రోగాలకు కారణం కంటికి కనిపించని సూక్ష్మక్రిములని ఆ కాలంలోనే తెలిసింది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, చేతులు శుభ్రంగా కడుక్కుంటే బాలింతల మరణాలు తగ్గుతాయని నిరూపించాడు. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతిని ప్రకటించాడు. శుభ్రత ముఖ్యమని తేలాక, మురికి వెంటనే కనబడే రంగు కావలసి వచ్చింది. అదే తెలుపు. అంటే తెల్లకోటు మొదట అలంకారం కోసం వచ్చింది కాదు, మురికిని పట్టించడం కోసం వచ్చింది. తర్వాతి కాలంలో అది గౌరవ చిహ్నమైంది. 1993లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కొత్త వైద్య విద్యార్థులకు తెల్లకోటు తొడిగే వేడుక మొదలైంది. ఇప్పుడు మన దేశంలోనూ చాలా వైద్య కళాశాలల్లో అది జరుగుతోంది.

ఆపరేషన్ గదిలో ఆకుపచ్చ

మరి ఆపరేషన్ గదిలో ఆకుపచ్చ, నీలం బట్టలెందుకు? దీన్ని ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

చేసి చూడండి: ఒక ఎర్ర కాగితం ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి అర నిమిషం కన్నార్పకుండా చూడండి. తర్వాత ఎర్ర ముక్కను తీసేసి తెల్ల కాగితాన్నే చూడండి. లేత నీలి పచ్చ మచ్చ ఒకటి తేలుతూ కనిపిస్తుంది.

మన కంటిలో ఎరుపును పట్టే కణాలు అలసిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. గంటల తరబడి రక్తాన్ని చూసే సర్జన్ తలెత్తి ఎదురుగా ఉన్న తెల్లబట్టను చూస్తే ఇలాంటి మచ్చలే కనబడతాయి. పైగా పెద్ద దీపాల వెలుగులో తెలుపు కళ్లకు కొడుతుంది. అందుకే 1914 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ ఆపరేషన్ గదికి ఆకుపచ్చను ఎంచుకున్నాడు. అక్కడ రంగు వచ్చింది సరదా కోసం కాదు, పని సవ్యంగా జరగడం కోసం.

చీర కట్టిన డాక్టరు

ఈకిన్స్ ఆ రెండు బొమ్మలు గీసిన నడిమి కాలంలో, అదే ఫిలడెల్ఫియాలో మన దేశపు అమ్మాయి ఒకరు వైద్యం చదివారు. ఆమె మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి. 1886లో అక్కడి మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నారు. 1885లో తీసిన ఒక ఫోటోలో ఆమె చీరలో, జపాన్‌కు చెందిన కెయి ఒకామి కిమోనోలో, సిరియాకు చెందిన సబత్ ఇస్లాంబూలీ తన దేశపు దుస్తులలో కూర్చుని కనిపిస్తారు. ముగ్గురూ వైద్య విద్యార్థినులే. ముగ్గురివీ మూడు వేషాలు. బట్టల వల్ల వారి చదువు తక్కువైందని ఎవరైనా అనగలరా? ఆనందీబాయి 1887లో, ఇరవై రెండేళ్లు నిండకుండానే కన్నుమూశారు. కానీ డాక్టరంటే ఇలాగే ఉండాలన్న ఊహను ఆ ఒక్క ఫోటో ఇప్పటికీ ప్రశ్నిస్తూనే ఉంది.

రంగులు కావాలనేవారు ఏమంటారు?

మొదటిది, భయం. ఒకసారి సూది వేయించుకున్న పసిపిల్లలు తర్వాత తెల్లకోటు కనబడగానే ఏడుపు లంకించుకుంటారు. పెద్దలకూ ఈ భయం ఉంది. ఇంట్లో మామూలుగా ఉండే రక్తపోటు డాక్టరు ఎదుట పెరగడాన్ని వైద్యులు ‘తెల్లకోటు రక్తపోటు’ అనే అంటారు. దానికి కారణం కోటు ఒక్కటే కాదు, ఆసుపత్రి అంటే ఉండే కంగారు. అయినా పేరు మాత్రం కోటుకే దక్కింది! అందుకే చాలామంది పిల్లల డాక్టర్లు కోటు మానేసి, బొమ్మల చొక్కాలు వేసుకుంటున్నారు, స్టెతస్కోపుకు చిన్న కోతిబొమ్మ తగిలిస్తున్నారు.

రెండవది, నవ్వు. 1986లో న్యూయార్క్‌లో మైఖేల్ క్రిస్టెన్సెన్ అనే సర్కస్ కళాకారుడు ‘క్లౌన్ కేర్’ అనే కార్యక్రమం ప్రారంభించాడు. జోకర్ వేషంలో, ఉత్తుత్తి డాక్టర్లుగా కళాకారులు పిల్లల వార్డులకు వెళతారు. ఇలాంటి బృందాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి.

మూడవది, గుర్తింపు. 2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రాబ్ హాకెట్ అనే మత్తు డాక్టరు తన టోపీ మీద పేరు, చేసే పని పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. మొదట కొందరు ఎగతాళి చేశారు. కానీ ముఖానికి మాస్కులున్న గదిలో ఎవరు ఎవరో తెలియకపోతే అత్యవసర సమయంలో ప్రమాదం. అందుకే ఆ ఆలోచన అనేక దేశాలకు పాకింది. అంతకుముందు 2014లో లైబీరియాలో ఎబోలా ప్రబలినప్పుడు, తలనుంచి పాదం దాకా కప్పుకున్న వైద్యుల ఛాతీ మీద నవ్వుతున్న వారి ఫోటో అంటించే పద్ధతిని మేరీ బెత్ హెఫర్నాన్ అనే కళాకారిణి తెచ్చింది. కోవిడ్ కాలంలో ఇది మళ్లీ ఉపయోగపడింది.

వద్దనేవారు ఏమంటారు?

వారి మాటనూ తోసిపుచ్చలేం. ఆసుపత్రికి వచ్చేవారు కష్టంలో వస్తారు. ఐసీయూ బయట రాత్రంతా కూర్చున్న తల్లికి చెడ్డ కబురు చెప్పవలసిన డాక్టరు కార్టూన్ చొక్కాలో వస్తే ఆమెకు ఎలా ఉంటుంది? తన బాధను వీళ్లు తేలిగ్గా తీసుకున్నారని అనిపించదా?

ఇంకొకటి, జనం గుర్తుపట్టాలి. రద్దీగా ఉండే మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెల్లకోటు దూరం నుంచే డాక్టరును చూపిస్తుంది. ముఖ్యంగా ఆడ డాక్టర్లను జనం ‘సిస్టర్’ అని పిలవడం మనం వింటూనే ఉంటాం. నర్సు పని తక్కువదని కాదు. అయితే తాను మాట్లాడుతున్నది ఎవరితోనో రోగికి తెలియాలి కదా. 2023లో హర్యానా ప్రభుత్వం తన ఆసుపత్రుల సిబ్బందికి దుస్తుల నియమాలు పెట్టి జీన్సు, ఎక్కువ నగలు, పెంచిన గోళ్లు కూడదని, పేరు పలక తప్పనిసరని చెప్పింది.

రంగులంటే పిల్లలందరికీ ఇష్టమనుకోవడం కూడా పొరపాటే. 2008లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు ఆసుపత్రి గోడల అలంకరణ గురించి 4 నుంచి 16 ఏళ్ల పిల్లలను 250 మందికి పైగా అడిగితే, జోకర్ బొమ్మలు తమకు నచ్చవన్నారు. చాలామందికి అవి భయం పుట్టించాయట! పెద్దలు పిల్లలను అడగకుండా పిల్లల కోసం నిర్ణయిస్తే ఇలాగే ఉంటుంది.

అసలు పరీక్ష శుభ్రతే

‘తెల్లనివన్నీ పాలు కావు’ అని మన సామెత. తెల్లగా ఉన్న కోటు శుభ్రమైనదే అని నమ్మకం లేదు. పొడుగు చేతుల అంచులు మంచాలకు, రోగులకు తగులుతూనే ఉంటాయి. అక్కడ చేరిన క్రిములు గుడ్డ మీద రోజుల తరబడి బతకగలవు. బట్టల వల్లనే రోగం సోకిందని నిరూపించడం కష్టమే. అయినా జాగ్రత్త మంచిదని 2007లో బ్రిటన్ ఆరోగ్య శాఖ ‘మోచేతి కింద ఖాళీ’ అనే నియమం తెచ్చింది. రోగిని ముట్టుకునే డాక్టరుకు పొడుగు చేతులు, చేతి గడియారం కూడదు. దాంతో అక్కడ పొడుగు చేతుల తెల్లకోటు దాదాపు కనుమరుగైంది. మన దేశంలోనూ తెల్లకోటు మానాలని మంగళూరులో చదువుతున్న ఒక యువ వైద్యుడు 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వాదించాడు. కోటు వేసుకునే బజారుకు, క్యాంటీనుకు తిరగడం సరికాదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి.

మా అభిప్రాయం

ఈ విషయం మనవంటి పిల్లలకు మరీ దగ్గరిది. అమ్మకో నాన్నకో బదిలీ అయితే మూడేళ్లకోసారి ఊరు మారుతుంది, భాష మారుతుంది, డాక్టరూ మారతారు. కొత్త ఊళ్లో మొదటి నెలలోనే జ్వరం వస్తే ఎవరితో ఏం చెప్పాలో తెలియదు. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న మాటను ఉన్నదున్నట్టు హిందీలోకి మార్చి చెబితే జోధ్‌పూర్ డాక్టరుకు అర్థం కాదు. అలాంటప్పుడు మాట కంటే ముందు మనకు అందేది వేషమే. తెల్లకోటు ‘ఇక్కడ వైద్యం దొరుకుతుంది’ అంటుంది. బొమ్మల చొక్కా ‘భయపడకు’ అంటుంది. రెండు మాటలూ మనకు కావలసినవే.

కాబట్టి రంగును నిషేధించనక్కరలేదు, తెలుపును తరిమేయనక్కరలేదు అని మేము అనుకుంటున్నాం. ఏ రంగైనా నాలుగు షరతులు నెరవేరిస్తే చాలు. రోజూ ఉతికినదై ఉండాలి. చేతులు మోచేతి పైనే ఆగాలి. పేరు, హోదా దూరం నుంచి చదవగలిగేలా, వీలైతే స్థానిక భాషలో కూడా ఉండాలి. సమయానికి తగి ఉండాలి: పిల్లల వార్డులో పులుల చొక్కా సరే, దుఃఖంలో ఉన్నవారి ముందుకు మాత్రం సాదా దుస్తులతో వెళ్లాలి. ఇందులో చివరిదే కష్టమైనది. ఎందుకంటే దాన్ని ఏ ఉత్తర్వూ చెప్పలేదు, ఎదుటివారి ముఖం చూసి డాక్టరే తెలుసుకోవాలి. ఆ చూపున్న డాక్టరు ఏ చొక్కా వేసుకున్నా రోగికి ధైర్యం కలుగుతుంది.

ఆలోచించండి, చర్చించండి

1. డాక్టర్లు నల్లకోటు వదిలి తెల్లకోటు వేసుకోవడానికి కారణమేమిటి?
2. ఆపరేషన్ గదిలో ఆకుపచ్చ బట్టలు ఎందుకు వాడతారు? పైన చెప్పిన ప్రయోగం చేసి మీరు చూసినది రాయండి.
3. మీరు ఇప్పటివరకు ఉన్న ఊళ్లలోని ఆసుపత్రుల్లో ఎవరెవరు ఏ రంగు దుస్తులు వేసుకునేవారు? పట్టిక తయారు చేసి మిత్రుల పట్టికలతో పోల్చండి.
4. ‘టీచర్లకు, పోలీసులకు కూడా రంగుల దుస్తులు ఉండవచ్చు’ అనే అంశం మీద తరగతిలో రెండు జట్లుగా వాదించండి.